కాన్వెంటు పెరటి నుంచి కాలువ గట్టు దాకా

2020 డిసెంబరు మొదటి వారంలో ఏలూరు ప్రభుత్వాసుపత్రి ముందు అంబులెన్సులు బారులు తీరాయి. ఉన్నట్టుండి మూర్ఛ, కళ్లు తిరగడం, వాంతులు. పిల్లలు, పెద్దలు అన్న తేడా లేదు. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ఎయిమ్స్ నిపుణులు రోగుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్లు గుర్తించారు. మరికొన్ని పరీక్షలు పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపాయి. ఆ విషం ఏ దారిన ఒంట్లోకి చేరిందన్న చర్చ కొన్నాళ్లు నడిచి సద్దుమణిగింది. ఒక సంగతి మాత్రం అందరికీ తెలిసివచ్చింది. గోదావరి డెల్టాలో జబ్బు ఆసుపత్రి గుమ్మంలో మొదలవడం లేదు. తాగే నీటిలో, తినే తిండిలో, ఊరి పక్కన పారే మురుగు కాలువలో మొదలవుతోంది.

అదే ఏలూరు 1976 నుంచి కతోలిక మేత్రాసనానికి (డయోసిస్‌కు) కేంద్రం. జేఎంజే అనే కతోలిక సన్యాసినుల సభకు చెందిన సిస్టర్లు 1953లో నెలకొల్పిన సెయింట్ థెరిసా మహిళా కళాశాల అక్కడే ఉంది. ఏలూరు, భీమవరం, రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్టణాల్లో సిస్టర్లు నడిపే బడో, హాస్టలో, దవాఖానాయో తెలియని కుటుంబం అరుదు. మతం ఏదైనా ఆడపిల్లను చేర్చడానికి తల్లిదండ్రులు ముందుగా తలుచుకునే చోట్లలో ఈ కాన్వెంట్లు ఉన్నాయి. చదువు, వైద్యం, అనాథల ఆదరణ వాళ్ల పని అన్నది మన సమాజం మనసులో పడిపోయిన లెక్క. నేల, నీరు, గాలి సంగతి ఆ లెక్కలో లేదు. ఉండాలి. పేదల సేవకు అంకితమైన సిస్టర్లకు డెల్టాలో పర్యావరణ రక్షణ అదనంగా తలకెత్తుకునే బరువు కాదు. ఇన్నాళ్లూ చేస్తున్న సేవను దాని మూలం దాకా తీసుకెళ్లడమే.

కతోలిక శ్రీసభ ఈ మాట ఇప్పటికే అధికారికంగా చెప్పింది. 2015లో పోప్ ఫ్రాన్సిస్ వెలువరించిన 'లౌదాతో సీ' విశ్వలేఖ భూమి గోడును, పేదల గోడును వేర్వేరుగా వినడం కుదరదని తేల్చింది. వాతావరణ మార్పు, నీటి కొరత, జీవజాతుల వినాశనం, కొనిపారేసే జీవన విధానం అన్నీ ఒకే రోగం లక్షణాలని వివరించింది. 2018లో మఠాల ప్రధానాధికారిణుల అంతర్జాతీయ సమాఖ్య సిస్టర్ల కోసం ప్రత్యేకంగా ఒక పర్యావరణ ఉద్యమం ప్రారంభించింది. 2021 నవంబరులో వాటికన్ మొదలుపెట్టిన కార్యాచరణ వేదిక కుటుంబాలు, విచారణలు (పారిష్‌లు), బడులు, ఆసుపత్రులు, మఠాలు ఏడేళ్లలో ఏడు లక్ష్యాల వైపు నడవాలని కోరింది. 2023 అక్టోబరులో పోప్ 'లౌదాతే దేయుమ్' అనే మరో లేఖ రాయవలసి వచ్చింది. స్పందన చాలడం లేదన్నదే అందులో ఆయన ఆవేదన. ప్రపంచమంతటా దాదాపు 6 లక్షల మంది సిస్టర్లున్నారు. భారతదేశంలోనే వాళ్ల సంఖ్య లక్ష దరిదాపుల్లో ఉంటుంది. ఇంత క్రమశిక్షణ, ఇంత నిలకడ ఉన్న మహిళా శ్రామిక శక్తి మరే సంస్థకూ లేదు.

తెలుగు నేల మీద ఈ శక్తి ఏం చేయగలదో చెప్పడానికి గుంటూరు చరిత్ర చాలు. ఆస్ట్రేలియాలో వైద్యం చదివిన మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి జేఎంజే సభలో చేరారు. మగ డాక్టరు దగ్గరికి వెళ్లలేక ఇంట్లోనే ప్రాణాలు పోగొట్టుకుంటున్న స్త్రీలకు, పసిపిల్లలకు ఆమె వైద్యం అందించారు. స్థానిక ఆడపిల్లలకు మందులు కలపడం, రోగులను చూసుకోవడం నేర్పించారు. ఒక్క ఆసుపత్రితో దేశం రోగం తీరదని గ్రహించి, 1943లో మరికొందరు సిస్టర్లతో కలిసి కతోలిక ఆసుపత్రుల సంఘానికి పునాది వేశారు. సికింద్రాబాద్ కేంద్రంగా పనిచేస్తున్న ఆ సంఘంలో నేడు 3,500కు పైగా సంస్థలున్నాయి. ఎదురుగా ఉన్న రోగికి మందివ్వడంతో సరిపెట్టుకోకుండా, రోగం వెనకున్న వ్యవస్థతో తలపడటం ఆమె చూపిన దారి. ఆనాడు ఆ వెనకున్నది స్త్రీలకు వైద్యం అందని వ్యవస్థ. ఈనాడు డెల్టాలో వెనకున్నది చెడిపోతున్న నీరు.

ఆ నీటి కథ 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో మొదలవుతుంది. సర్ ఆర్థర్ కాటన్ కట్టిన ఆ ఆనకట్టతో మొదలైన కాలువల కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో 10 లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు పండుతోంది. సార్వా, దాళ్వా రెండు పంటలకూ కాలువే ఆధారం. చాలా ఊళ్లకు తాగునీరూ అదే కాలువ నుంచి మంచినీటి చెరువుకు ఎక్కుతుంది. పొలం తాగిన నీరు మురుగు కాలువలోకి దిగి సముద్రం చేరాలి. పంట కాలువ తల్లి అయితే మురుగు కాలువ ప్రాణం నిలిపే మూత్రపిండం. తల్లిని తలుచుకుంటాం, మూత్రపిండాన్ని మరిచిపోయాం. గుర్రపుడెక్క, కిక్కిస, ప్లాస్టిక్ సంచులు, ఆక్రమణలు కలిసి మురుగు కాలువలను పూడ్చేశాయి. 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాల్లో పంట విరామం ప్రకటించి దేశం దృష్టిని తమ వైపు తిప్పుకున్నప్పుడు, గిట్టుబాటు ధరతో పాటు మురుగునీరు దిగని పొలాల గోడు కూడా అందులో ఉంది.

ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేసినప్పుడు గట్టు మీద నిలబడి చూడాలి. నీరు తీసిన కాలువ అడుగున ఏడాది పొడవునా ఊళ్లు వదిలించుకున్నదంతా బయటపడుతుంది. పాల ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు, డైపర్లు, పురుగుమందు డబ్బాలు, కోళ్ల ఈకలు బురదలో పొరలు పొరలుగా అంటుకుని ఉంటాయి. కొన్ని వారాల తర్వాత లాకులెత్తగానే వచ్చే మొదటి నీరు ఆ పొరలన్నిటినీ కడుగుతూ కిందికి పోతుంది. ఆ నీరే శివారు ఊళ్ల మంచినీటి చెరువుకు చేరుతుంది. పైనున్న ఊరు పారేసింది కిందున్న ఊరు తాగడం డెల్టాలో నిత్యకృత్యం.

రొయ్యల చెరువుల కథ ఇంకా బరువైనది. 2009లో వనామీ రొయ్యకు కేంద్రం అనుమతి ఇచ్చాక భీమవరం చుట్టుపక్కల, కోనసీమ శివార్లలో వరి చేలు వరసగా చెరువులయ్యాయి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. డాలర్లు వచ్చాయి, కొందరి బతుకులు మారాయి. నాలుగు చెరువుల మధ్య మిగిలిపోయిన ఎకరం వరి చేను పరిస్థితి వేరు. చెరువులో కట్టిన నీరు గట్టు కింద నుంచి ఊరుతుంది. ముందు గట్టు వెంట నారు ఎర్రబడుతుంది, తర్వాత నేల మీద తెల్లటి ఉప్పు పొర తేలుతుంది, ఆ తర్వాత ఇంటి బావి నీరు తాగడానికి పనికిరాకుండా పోతుంది. కౌలు రైతు చేను వదిలేస్తాడు. నాట్లు, కలుపు, కోతల మీద బతికే ఆడకూలీకి పని పోతుంది. వందమంది చేసే పనికి చెరువు దగ్గర నలుగురు చాలు. నీళ్ల డబ్బా కొనుక్కోవడం ఆ కుటుంబానికి కొత్త ఖర్చు.

ఆ కుటుంబం ఎవరిది? డెల్టాలో క్రైస్తవుల్లో అత్యధికులు దళితులు. వాళ్ల పేటలు ఎక్కువగా ఊరికి పల్లంలో, మురుగు కాలువ పక్కన ఉంటాయి. ఆదివారం గుడికి వచ్చి పూజాబలిలో పాల్గొనే తల్లే సోమవారం ఉప్పుబారిన చేను పక్క నుంచి పని వెతుక్కుంటూ పోతుంది. ఆమె పిల్లే కాన్వెంటు హాస్టల్లో చదువుతుంది. భూమి గోడు, పేదల గోడు ఒకటేనన్న మాటకు డెల్టాలో వ్యాఖ్యానం అక్కర్లేదు. సిస్టర్ల ముందున్న రిజిస్టరులో ఉన్న పేర్లే దానికి సాక్ష్యం.

కొల్లేరు సరస్సు అనుభవం ఇందులో మరో పాఠం. 1999లో అయిదో కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో చిత్తడి నేలగా అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లు పేల్చివేశారు. సరస్సును కాపాడాలన్న లక్ష్యం సరైనదే. కానీ పెట్టుబడిదారు వేరే చోట చెరువు తవ్వుకున్నాడు, లంక గ్రామాల పేద మత్స్యకారుడు దిక్కుతోచక వలసపోయాడు. తర్వాతి ఏళ్లలో చెరువులు మళ్లీ వెలిశాయి. పేదల బతుకుదెరువు లెక్కలో లేని పర్యావరణ రక్షణ నిలబడదు. పర్యావరణం లెక్కలో లేని పేదల ఉపాధీ నిలబడదు. ఈ రెండింటినీ కలిపి ఆలోచించగలవాళ్లు, రెండు పక్షాలూ నమ్మేవాళ్లు మధ్యలో ఉండాలి. కన్నీరు తుడిచిన చరిత్ర, లాభాపేక్ష లేని జీవితం, ఊళ్లో ఏళ్ల తరబడి ఉండే నిలకడ సిస్టర్లకు ఆ అర్హత తెచ్చిపెట్టాయి.

ఆచరణ ఇంటి నుంచే మొదలవ్వాలి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అన్న మూడు వ్రతాల్లో మొదటిది నేటి పర్యావరణ సంక్షోభానికి సూటి జవాబు. సొంత ఆస్తి లేకపోవడం, ఉన్నది కలిసి వాడుకోవడం, అవసరానికి మించి కూడబెట్టకపోవడం సిస్టర్లు మాట ఇచ్చి పాటించే జీవితం. వ్యక్తిగా ప్రతి సిస్టరూ పాటిస్తున్న ఈ నిరాడంబరత సంస్థ స్థాయికి ఎక్కాలి. వంద మంది నుంచి మూడు వందల మంది దాకా పిల్లలుండే హాస్టలు వంటగదిని చూస్తే విషయం తేటపడుతుంది. బియ్యం కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కలు, పళ్లేల్లో మిగిలిన అన్నం రోజూ బకెట్లకొద్దీ వస్తాయి. అవి మురుగులోకి పోతే దోమలు, వాసన. గోబర్ గ్యాసు తొట్టిలోకి వెళితే పొయ్యి కింద మంట, పెరటికి ఎరువు. స్నానాల నీటిని అరటి, కంద మడులకు మళ్లిస్తే కూరకు కూర, నేలలోకి ఇంకే నీటికి నీరు. డాబా మీద పడే వాన నీటిని ఇంకుడు గుంతకు కలిపితే ఉప్పెక్కుతున్న బావికి ఊపిరి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

ఆడపిల్లల హాస్టళ్లలో ఎవరూ బయటికి మాట్లాడని సమస్య శానిటరీ ప్యాడ్లు. ప్లాస్టిక్ పొరతో చేసిన ఈ ప్యాడ్లు చెత్తకుప్పలో ఏళ్ల తరబడి మట్టిలో కలవవు. కాలిస్తే విషవాయువులు, కాలువలో పడితే పూడిక. ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్ల గురించి, వాటి శుభ్రత గురించి పదో తరగతి అమ్మాయితో సంకోచం లేకుండా మాట్లాడగలిగేది ఆమెతో కలిసి ఉంటున్న సిస్టరే. కాన్వెంట్లలో ఏళ్లుగా నడుస్తున్న కుట్టు శిక్షణ కేంద్రాలు ఈ ప్యాడ్లు తయారుచేస్తే పల్లె మహిళలకు నాలుగు రూపాయలు వస్తాయి, హాస్టలు చెత్త తగ్గుతుంది.

ఆసుపత్రులకు 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనలున్నాయి. పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల వారీగా వేరు చేయడం చట్టం. ఏ సంచిలో ఏది పడుతోందో రాత్రి డ్యూటీ ఆయాకు కూడా తెలిసి ఉండటం నిబద్ధత. చట్టం అడిగినంత చేయడంతో సిస్టర్ల ఆసుపత్రి ఆగకూడదు. రోగి వచ్చిన ఊరి పేరు, తాగే నీటి వనరు, పురుగుమందు కొట్టే పని చేస్తాడా అన్న మూడు వివరాలు ఓపీ చీటీలో రాసిపెట్టుకుంటే చాలు. ఒకే కాలువ కింద ఒకే జబ్బు గుంపుగా కనిపించినప్పుడు ఏలూరు వంటి విపత్తు రాకముందే ఊరు మేలుకుంటుంది.

బడిలో, కళాశాలలో చేయదగినది ఇంకా ఎక్కువ. జూన్ 5న మొక్క నాటి ఫొటో దిగి, మరుసటి ఏడాది అదే గుంతలో ఇంకో మొక్క నాటే అలవాటు మానుకోవాలి. కెమిస్ట్రీ చదివే అమ్మాయిలు నెలకోసారి తమ ఊరి బావి, మంచినీటి చెరువు, మురుగు కాలువ నీటిని సీసాల్లో పట్టుకొచ్చి ఉప్పదనం, పీహెచ్, నైట్రేట్లు చూసి పట్టిక రాస్తే, మూడేళ్ల డిగ్రీ పూర్తయ్యేసరికి ఆ ఊరి నీటి చరిత్ర చేతికి వస్తుంది. అర్జీ పెట్టినప్పుడు అధికారి కాదనలేని సాక్ష్యం అదే. తల్లిదండ్రుల సమావేశం రోజున ఆ పట్టికను గోడ మీద అంటిస్తే ఉపన్యాసంతో పనిలేదు.

పొలం సంగతిలోనూ దారి సిద్ధంగా ఉంది. 2016 నుంచి రాష్ట్రంలో సాగుతున్న ప్రకృతి వ్యవసాయ ఉద్యమం మహిళా స్వయం సహాయక సంఘాల భుజాల మీదే నడిచి, 2024లో అంతర్జాతీయ గుల్బెంకియన్ పురస్కారం అందుకుంది. సిస్టర్లు, సంఘాల మహిళలు కలిసి కూర్చునే వేదికలు పల్లెల్లో ఇప్పటికే ఉన్నాయి. జీవామృతం, నీమాస్త్రం, నవధాన్యాల సాగు నేర్చుకోవడానికి మఠాల భూముల్లో అర ఎకరం చాలు. ఆ అర ఎకరంలో పండిన బియ్యం, కూరలు హాస్టలు వంటగదికి వెళ్లాలి. హాస్టళ్లన్నీ కలిసి పురుగుమందు లేని బియ్యాన్ని చిన్న రైతు దగ్గర మంచి ధరకు కొంటే ఆ రైతుకు మార్కెట్ భయం తీరుతుంది. గుర్రపుడెక్కను కాలువ నుంచి తీసి వానపాముల ఎరువు చేయడం ఉపాధికీ ఉపాధి, కాలువకూ మేలు.

ఇంతవరకూ కాన్వెంటు గోడ లోపలి పని, దాని చుట్టుపక్కల పని. అసలు పరీక్ష గోడ దాటాక వస్తుంది. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వ్యర్థాలు గొంతేరు డ్రెయిన్‌లో కలుస్తాయన్న భయంతో ఊళ్లు కదిలినప్పుడు ముందు నిలిచింది మహిళలే. నిషేధాజ్ఞలు, కేసులు, అరెస్టులు చూశారు. అలాంటి ఘడియలో పేదల పక్కన నైతిక బలం ఉన్నవాళ్లు నిలబడితే సంభాషణకు దారి దొరుకుతుంది, దౌర్జన్యానికి జంకు పుడుతుంది.

సిస్టర్లు అలా నిలబడిన చరిత్ర ఉంది. కేరళలో యాంత్రిక ట్రాలర్లు వానాకాలంలో చేప గుడ్లను, పిల్లలను ఊడ్చుకుపోతుంటే సంప్రదాయ మత్స్యకారుల తరఫున 1984లో కోళికోడ్‌లో సిస్టర్ ఆలిస్ నిరాహార దీక్షకు కూర్చున్నారు. ఆ ఉద్యమ ఫలితంగా 1988 నుంచి అక్కడ వానాకాలపు ట్రాలింగ్ నిషేధం అమల్లోకి వచ్చింది. నేడు మన కాకినాడ, ఉప్పాడ తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పాటిస్తున్న వేట విరామం వెనకున్న ఆలోచన కూడా అదే. జార్ఖండ్ పాకుడ్ జిల్లాలో బొగ్గు గనికి భూములు పోతున్న సంతాలుల పక్షాన నిలిచిన సిస్టర్ వల్సా జాన్‌ను 2011 నవంబరులో చంపేశారు. అమెజాన్ అడవిని, చిన్న రైతులను కాపాడబోయిన సిస్టర్ డొరోతీ స్టాంగ్‌ను 2005 ఫిబ్రవరిలో బ్రెజిల్‌లో కాల్చి చంపారు. సిస్టర్లే కాదు, ఇతరులూ ఇలా నిలబడ్డారు. రొయ్యల చెరువుల మీద గాంధేయవాది జగన్నాథన్ వేసిన పిటిషన్‌పై 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మన డెల్టాకూ వర్తించింది. మతాలు వేరైనా ఈ సాహసం వేరు కాదు.

దీనిపై వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేయదగినవి కావు. ఆక్వా మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి, వాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు, దాతలూ ఉన్నారు. సిస్టర్లు నోరు విప్పితే రాజకీయమంటారు, విదేశీ నిధుల మాట తెస్తారు. నిజమే. అందుకే నినాదం కంటే నీటి పరీక్ష పట్టిక ముందుండాలి. చెరువులు మూసేయమని ఎవరూ కోరడం లేదు. అనుమతి లేని చెరువు ఆగాలి, వదిలే నీటిని శుద్ధి చేయాలి, వరి చేనుకు చెరువుకు మధ్య చట్టం చెప్పిన దూరం ఉండాలి, తాగునీటి చెరువు జోలికి ఎవరూ రాకూడదు. ఈ నాలుగూ చట్టంలో ఉన్నవో, ఇంగితజ్ఞానం ఒప్పుకునేవో. వీటిని అడగడానికి పార్టీ అక్కర్లేదు.

శ్రీసభ లోపల కూడా సరిదిద్దుకోవలసినవి ఉన్నాయి. నీడనిచ్చే చెట్లు కొట్టి ఆవరణ మొత్తం సిమెంటు చేసిన బడులున్నాయి. పండుగల్లో ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ గ్లాసులు, థర్మాకోల్ పళ్లేలు మిగతా సమాజంలో లాగే గుడి ఆవరణల్లోనూ గుట్టలు పడుతున్నాయి. ఏటా మార్చిలో గౌరీపట్నం నిర్మలగిరికి తరలివచ్చే వేలాది యాత్రికుల పండుగ ప్లాస్టిక్ లేకుండా జరిగితే అది వంద ప్రసంగాల పెట్టు. భూములు, భవనాలు, నిధుల నిర్ణయాలు తీసుకునే మేత్రాసన మండలుల్లో సిస్టర్ల మాటకు తగిన బరువు ఉండాలి. పని చేసే చేతులు వాళ్లవి, నిర్ణయం మరొకరిదైతే ఏ లక్ష్యమూ ముందుకు సాగదు.

వాటికన్ పెట్టిన ఏడేళ్ల గడువు 2028 నాటికి తీరిపోతుంది. అప్పటికి ఏలూరు మేత్రాసనం పరిధిలోని ప్రతి కాన్వెంటూ తన నీటి లెక్క, చెత్త లెక్క, కరెంటు లెక్క తీసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. ప్రతి సిస్టర్ల కళాశాలా కనీసం ఒక మురుగు కాలువను తనదిగా స్వీకరించి ఏటా దాని నీటి నివేదికను కలెక్టరుకు, పంచాయతీలకు ఇవ్వాలి. ప్రతి దవాఖానా తన చుట్టుపక్కల ఊళ్ల జబ్బుల పటం గీయాలి. మేత్రాణులు (బిషప్పులు) ఈ పనికి నిధి కేటాయించి, దాని బాధ్యతను ఒక సిస్టరు చేతిలో పెట్టాలి. ప్రభుత్వ శాఖలు సిస్టర్లను శత్రువులుగానో, ఉచిత కార్యకర్తలుగానో చూడకుండా సాక్షులుగా గౌరవించాలి. హిందూ, ముస్లిం, క్రైస్తవ భేదం లేకుండా ఈ కాన్వెంట్లలో చదువుకుని వేర్వేరు హోదాల్లో స్థిరపడిన మహిళలు డెల్టా అంతటా ఉన్నారు. అక్షరం నేర్పిన సిస్టర్లు రేపు నీటి సీసా పట్టుకుని గట్టు మీదికి వచ్చినప్పుడు వాళ్లు పక్కన నిలబడాలి. కాలువ అందరిదీ కనుక కాపలా కూడా అందరిదే.